ఉమ్మడి పేర్లతో వాటాలు: భారతదేశంలో వాటాల ఉమ్మడి యాజమాన్య చరిత్ర

యూనిట్ – 9

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:

• ఉమ్మడి కుటుంబ ఆస్తికి, కంపెనీ రిజిస్టరులోని ఉమ్మడి వాటాదారులకు మధ్య గల తేడాను వివరించగలరు.
• 1850 నుంచి నేటి వరకు ఉమ్మడి వాటాల విషయంలో చట్టాలు, న్యాయస్థానాలు ఏర్పరచిన నియమాలను కాలక్రమంలో చెప్పగలరు.
• బేనామీ చట్టం, డీమాట్ విధానం, నామినేషన్ సదుపాయం ఎందుకు వచ్చాయో చర్చించగలరు.
• కుటుంబ సభ్యులతోగాని మిత్రులతోగాని కలిసి వాటాలు కొన్నప్పుడు ఎవరి హక్కు ఎంతవరకు నిలుస్తుందో అంచనా వేయగలరు.

9.1 ప్రస్తావన

ఒక కంపెనీ మూలధనాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజిస్తే ఒక్కొక్క భాగాన్ని వాటా లేదా షేరు అంటారని మీకు తెలుసు. ఒక వాటాను ఇద్దరు ముగ్గురు కలిసి కలిగి ఉండవచ్చా? ఉండవచ్చు. మన ఇళ్ళలో భార్యాభర్తల పేర్లతో, తండ్రీకొడుకుల పేర్లతో, అక్కడక్కడ మిత్రుల పేర్లతో తీసుకున్న వాటా పత్రాలు కనబడుతూనే ఉంటాయి.

కాని ఆ వాటా నిజానికి ఎవరిది? సొమ్ము పెట్టినవారిదా, పత్రంమీద మొదటి పేరు ఉన్నవారిదా, పేర్లున్న అందరిదీ సమానంగానా? ఒకరు మరణిస్తే అది మిగిలినవారికి పోతుందా, మరణించినవారి పిల్లలకు పోతుందా? ఈ ప్రశ్నలు నూరేళ్ళకు పైగా న్యాయస్థానాల ముందుకు వస్తూనే ఉన్నాయి. ఒక సమాధానం కంపెనీ చట్టం ఇచ్చింది. మరొక సమాధానం హిందూ ధర్మశాస్త్ర సంప్రదాయం నుంచి వచ్చింది. ఈ రెండింటికీ పొంతన కుదర్చడానికి జరిగిన ప్రయత్నమే ఈ యూనిట్‌లో మనం చదవబోయే చరిత్ర.

యూనిట్ అంతటా ఒక విషయాన్ని గుర్తుంచుకోండి. కంపెనీ చూసేది రిజిస్టరులోని పేర్లను, వాటి వరుసను మాత్రమే. సొమ్ము ఎవరిది, అనుభవించవలసింది ఎవరు అనే విషయాలను అది చూడదు. అందువల్ల పేరు ఒకచోట, హక్కు మరొకచోట ఉండే అవకాశం మొదటి నుంచీ ఉంది.

9.2 'ఉమ్మడి' అనే మాటకు రెండు అర్థాలు

9.2.1 ఉమ్మడి కుటుంబ ఆస్తి

తెలుగు ప్రాంతాలతో సహా దేశంలోని అధిక భాగంలో హిందువులకు వర్తించినది మితాక్షర సంప్రదాయం. బెంగాల్ ప్రాంతంలో దాయభాగ సంప్రదాయం ఉండేది. మితాక్షర ప్రకారం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు కలుగుతుంది. తండ్రి, కొడుకులు, మనుమలు, మునిమనుమలు సహదాయాదులు. విభజన జరిగేదాకా 'నా వంతు ఇంత' అని ఎవరూ వేలుపెట్టి చూపలేరు. ఒకరు మరణిస్తే వారి వంతు మిగిలిన సహదాయాదులలో కలిసిపోయేది. దీనినే ఉత్తరజీవిత్వ హక్కు, అంటే బ్రతికి ఉన్నవారికి చెందే హక్కు అంటారు. కుటుంబ వ్యవహారాలను నడిపేవాడు కర్త. దాయభాగంలో ఇలా కాదు. అక్కడ సహదాయాదుల వంతులు నిర్ణయమై ఉంటాయి, ఒకరు మరణిస్తే ఆ వంతు వారి వారసులకే పోతుంది.

ఇక్కడ ఎవరి పేరు ఎక్కడ రాసి ఉందన్నది ముఖ్యం కాదని గమనించండి. పొలం పట్టా పెద్దన్న పేరుతో ఉన్నా, అది ఉమ్మడి ఆస్తి అయితే తమ్ముళ్ళకు హక్కు ఉంటుంది. హక్కు పుట్టుక నుంచి వస్తుంది, పేరు నుంచి కాదు.

9.2.2 ఉమ్మడి వాటాదారులు

కంపెనీ పద్ధతి దీనికి భిన్నం. అక్కడ హక్కు సభ్యుల రిజిస్టరు నుంచి వస్తుంది. ఒక వాటాకు ఎదురుగా రెండు మూడు పేర్లు ఉంటే వారు ఉమ్మడి వాటాదారులు. ఇంగ్లండులో 1862 కంపెనీల చట్టానికి అనుబంధంగా 'టేబుల్-ఎ' అనే నమూనా నియమావళి ఉండేది. దాని ఆధారంగా భారతీయ కంపెనీ చట్టాలలోనూ ఇటువంటి నియమావళి వచ్చింది. కాలక్రమంలో ఉమ్మడి వాటాదారుల గురించి స్థిరపడిన నియమాలు ఇవి:

1. రిజిస్టరులో పేర్ల వరుసను బట్టి సీనియారిటీ ఉంటుంది. ఓటు వేయడానికి ఉమ్మడి వాటాదారులలో ఒకరికంటే ఎక్కువమంది ముందుకు వస్తే, వరుసలో ముందున్న పేరుగలవారి ఓటునే అంగీకరిస్తారు.
2. కంపెనీ నోటీసులు మొదటి పేరుగలవారికి పంపితే చాలు.
3. లాభాంశానికి వారిలో ఏ ఒక్కరు రసీదు ఇచ్చినా చెల్లుతుంది.
4. వాటాపై ఇంకా చెల్లించవలసిన పిలుపు సొమ్ముకు అందరూ కలిసీ విడివిడిగానూ బాధ్యులు. ఒకరు చెల్లించకపోతే మొత్తాన్ని మరొకరి నుంచి రాబట్టవచ్చు.
5. వాటాను బదిలీ చేయాలంటే అందరూ సంతకం చేయాలి.
6. ఒకరు మరణిస్తే, బ్రతికి ఉన్న ఉమ్మడి వాటాదారులను మాత్రమే కంపెనీ హక్కుదారులుగా గుర్తిస్తుంది.

ఐదవ నియమాన్ని బ్యాంకు ఖాతాతో పోల్చి చూడండి. బ్యాంకులో 'ఇద్దరిలో ఎవరైనా లేక బ్రతికి ఉన్నవారు' అనే షరతుతో ఖాతా తెరిస్తే ఒక్కరి సంతకంతో సొమ్ము తీసుకోవచ్చు. కాగితపు వాటా పత్రాలకు ఆ వెసులుబాటు ఉండేది కాదు. ఒకరు అలిగి సంతకం చేయకపోతే వాటా అక్కడే ఆగిపోయేది.

ఆరవ నియమం పైపైన చూస్తే మితాక్షరలోని ఉత్తరజీవిత్వ హక్కులాగే ఉంటుంది. కాని రెండూ ఒకటి కావు. మితాక్షర నియమం ఆస్తి ఎవరిదో చెబుతుంది. కంపెనీ నియమం మాత్రం తాను ఎవరితో వ్యవహరించాలో అంతవరకే చెబుతుంది. తరువాత వచ్చిన వివాదాలలో ఎక్కువభాగం ఈ తేడాను గమనించకపోవడం వల్ల పుట్టినవే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఉమ్మడి వాటాదారులలో మొదటి పేరుగలవారికి లభించే రెండు ప్రత్యేకతలను పేర్కొనండి. వారు మిగిలినవారి సంతకం లేకుండా వాటాను అమ్మగలరా?

9.3 కంపెనీ చట్టాల రాక (1850–1943)

భారతదేశంలో ఉమ్మడి పెట్టుబడి కంపెనీల నమోదుకు తొలి చట్టం 1850లో వచ్చింది. అయితే అందులో పరిమిత ఋణబాధ్యత లేదు. కంపెనీ దివాలా తీస్తే వాటాదారు సొంత ఇల్లూ వాకిలీ కూడా అప్పులకు పోయే ప్రమాదం ఉండేది. 1857 చట్టం పరిమిత ఋణబాధ్యతను ప్రవేశపెట్టింది. బ్యాంకులకు, బీమా కంపెనీలకు మాత్రం మొదట దానిని వర్తింపజేయలేదు. తరువాత 1866, 1882, 1913 చట్టాలు వచ్చాయి.

ఈలోగా బొంబాయిలో 1860ల తొలి అర్ధభాగంలో వాటాల జ్వరం పట్టుకుంది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వల్ల ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. భారతదేశపు పత్తికి గిరాకీ పెరిగి బొంబాయి వర్తకుల చేతికి అపారమైన ధనం వచ్చింది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వంటి వర్తకుల నాయకత్వంలో కొత్త బ్యాంకులు, సముద్రాన్ని పూడ్చి భూమి చేసే కంపెనీలు పుట్టుకొచ్చాయి. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కూలిపోయి ఎన్నో కుటుంబాలు నష్టపోయాయి. తరువాత 1875లో బొంబాయి దళారులు సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజికి మూలం.

స్వదేశీ ఉద్యమ కాలంలో వాటాలు కొనడం దేశభక్తిలో భాగమైంది. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ వాటాలను అమ్మకానికి పెట్టినప్పుడు సుమారు 8,000 మంది భారతీయులు మూడు వారాలలో మూలధనాన్ని సమకూర్చారు. తెలుగునాట 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. దాని చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు. హైదరాబాద్ సంస్థానంలో 1943లో హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజి ఏర్పడింది.

ఈ విధంగా ఉమ్మడి కుటుంబాల సొమ్ము కంపెనీలలోకి ప్రవహించింది. కాని కంపెనీ రిజిస్టరులో 'ఫలానా వారి ఉమ్మడి కుటుంబం' అని రాయించుకోవడానికి వీలు లేదు. ఒకరు మరొకరి తరఫున వాటాను ధర్మకర్తగా పట్టుకొని ఉన్నారనే విషయాన్ని రిజిస్టరులో నమోదు చేయరాదని 1913 చట్టమూ, తరువాత 1956 చట్టంలోని 153వ సెక్షనూ స్పష్టం చేశాయి. దీనికి కారణం ఉంది. ప్రతి వాటా వెనుక ఉన్న కుటుంబ తగాదాలో కంపెనీ తలదూర్చవలసి వస్తే వ్యాపారం సాగదు. కంపెనీకి ఇది సౌకర్యం. కాని రిజిస్టరులో పేరు లేని తమ్ముడికి, వితంతువుకు, చెల్లెలికి ఇదే సమస్య అయింది.

9.4 న్యాయస్థానాలు ఇచ్చిన సమాధానాలు

బ్రిటిష్ పాలనలో మన దేశపు దావాలకు ఆఖరి అప్పీలు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు పోయేది. ఉమ్మడి పేర్ల విషయంలో అది ఇచ్చిన మూడు తీర్పులను మీరు గుర్తుంచుకోవాలి. ఇవి నేరుగా వాటాలకు సంబంధించినవి కావు. కాని వాటిలోని సూత్రాలు వాటాలకు కూడా అన్వయించాయి.

మొదటిది 1854 నాటి గోపీకృష్ణ గోసాయి కేసు. ఇంగ్లండులో తండ్రి తన సొమ్ముతో కొడుకు పేరున ఆస్తి కొంటే, అది కొడుకుకు కానుకగా ఇచ్చాడని న్యాయస్థానం ముందుగా భావించేది. భారతదేశంలో అలా భావించరాదని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. ఇక్కడ ఒకరి సొమ్ముతో మరొకరి పేరున కొనడం వాడుకలో ఉన్న పద్ధతి కనుక, సొమ్ము ఎవరిదో ఆస్తి వారిదే అని తీర్మానించింది.

రెండవది 1896 నాటి జోగేశ్వర్ నారాయణ్ దేవ్ కేసు. ఒక వీలునామా ద్వారా తల్లీకొడుకులిద్దరికీ కలిపి ఆస్తి వచ్చింది. ఇంగ్లీషు న్యాయం ప్రకారం ఒకరు పోతే మొత్తం రెండవవారికి చెందవచ్చు. అవిభక్త కుటుంబపు సహదాయాదుల మధ్య తప్ప అటువంటి ఉమ్మడి హక్కు హిందూ న్యాయంలో లేదని, ఇద్దరికీ చెరి సగం విడి హక్కు ఉంటుందని ప్రివీ కౌన్సిల్ తేల్చింది.

మూడవది 1928 నాటి గురాన్ దిత్తా కేసు. భర్త తన సొమ్మును తన పేరు, భార్య పేరు కలిపి బ్యాంకులో డిపాజిట్ చేశాడు. ఇద్దరిలో ఎవరికైనా లేక బ్రతికి ఉన్నవారికి చెల్లించాలన్నది షరతు. భర్త మరణించాడు. కేవలం పేరు చేర్చినంత మాత్రాన భార్యకు దానం చేసినట్లు కాదని, ఆ సొమ్ము భర్త ఆస్తిలో భాగమేనని తీర్పు వచ్చింది. అంటే బ్యాంకు ఆమెకు సొమ్ము చెల్లించవచ్చు. కాని ఆ సొమ్ము ఆమె సొంతమని చెప్పలేం.

ఈ తీర్పుల ఫలితం రెండు వైపులా పనిచేసింది. పేరు లేకపోయినా సొమ్ము పెట్టినవారికి రక్షణ దొరికింది. 1882 భారత ట్రస్టుల చట్టంలోని 82వ సెక్షను కూడా ఇదే సూత్రాన్ని చెప్పింది. అయితే పేరు ఉన్నా సంపాదన లేని స్త్రీలకు ఆ పేరు భరోసా ఇవ్వలేదు. ఆ కాలంలో మితాక్షర కుటుంబంలో కొడుకులు లేని వితంతువుకు సైతం ఉమ్మడి ఆస్తిలో వాటా ఉండేది కాదు, మనోవర్తి మాత్రమే ఉండేది. 1937 చట్టం వితంతువుకు భర్త వంతును ఇచ్చినా, అది జీవితకాలపు పరిమిత హక్కు మాత్రమే. సంపూర్ణ హక్కు 1956 హిందూ వారసత్వ చట్టంతోనే వచ్చింది.

9.5 స్వాతంత్ర్యానంతరం: కర్త పేరు, మొదటి పేరు

1956 కంపెనీల చట్టం పాత నియమాలనే దాదాపుగా కొనసాగించింది. ప్రైవేటు కంపెనీలో సభ్యుల సంఖ్యను లెక్కించేటప్పుడు ఉమ్మడి వాటాదారులను ఒక్క సభ్యుడిగానే లెక్కించాలని చెప్పింది. 2013 చట్టమూ అదే చెబుతోంది.

ఉమ్మడి కుటుంబం సంగతిలో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఆదాయపు పన్ను చట్టం హిందూ అవిభక్త కుటుంబాన్ని పన్ను చెల్లించే ఒక వ్యక్తిగా గుర్తించింది. 1922 చట్టంలోనూ, 1961 చట్టంలోనూ ఇలాగే ఉంది. కంపెనీ చట్టం మాత్రం దానిని సభ్యుడిగా గుర్తించలేదు. 1972లో సి.పి. సారథి ముదలియార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది. హిందూ అవిభక్త కుటుంబం వాటాదారు కాజాలదు. రిజిస్టరులో పేరున్న వ్యక్తే వాటాదారు. అందువల్ల కుటుంబపు సొమ్ముతో కొన్న వాటాలు కర్త పేరుతోనే ఉండేవి. భాగస్వామ్య సంస్థ పరిస్థితి కూడా ఇంతే. మిత్రులు భాగస్వాములుగా వ్యాపారం చేస్తూ వాటాలు కొంటే సంస్థ పేరుతో కాక భాగస్వాముల పేర్లతో ఉమ్మడిగా నమోదు చేయించుకోవలసి వచ్చేది.

పేర్ల వరుసకు మరొక ప్రాధాన్యం కొత్త వాటాల జారీలో కనిపించింది. 1947 మూలధన జారీ నియంత్రణ చట్టం 1992లో రద్దయ్యేవరకు కొత్త వాటాల ధరపై ప్రభుత్వ అదుపు ఉండేది. మంచి కంపెనీల వాటాలు మార్కెట్ ధరకంటే తక్కువకు దొరికేవి. 1973 విదేశీ మారక నియంత్రణ చట్టం వల్ల అనేక విదేశీ కంపెనీలు తమ వాటాను సాధారణంగా 40 శాతానికి తగ్గించుకొని మిగిలినది భారతీయులకు ఇవ్వవలసి వచ్చింది. దీనితో మధ్యతరగతి కుటుంబాలు దరఖాస్తు ఫారాల కోసం బారులు తీరాయి. దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ పద్ధతిలో కేటాయించేవారు. మొదటి దరఖాస్తుదారు ఒక్కరే అయితే ఎన్ని దరఖాస్తులు పెట్టినా వాటిని ఒకే వ్యక్తి బహుళ దరఖాస్తులుగా భావించి తిరస్కరించవచ్చు. మొదటి పేరు మారితే అది వేరే దరఖాస్తు. అందుకే ఒకే దంపతులు ఒక ఫారంలో భర్త పేరు ముందు, మరొక ఫారంలో భార్య పేరు ముందు రాసేవారు. ఒకే ఇంట్లో ఒకే కంపెనీ వాటాలు రెండు మూడు వరుసలలో ఉండటానికి కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1928 నాటి తీర్పు ప్రకారం ఉమ్మడి పేరు ఉన్నంత మాత్రాన భార్యకు ఏ హక్కు కలగదు? ఆదాయపు పన్ను చట్టం, కంపెనీ చట్టం ఉమ్మడి కుటుంబాన్ని చూసే తీరులో తేడా ఏమిటి?

9.6 పేరు ఒకరిది, సొమ్ము మరొకరిది

పేరుకూ హక్కుకూ మధ్య దూరం కుటుంబాలకు వెసులుబాటు ఇచ్చింది. అదే దూరం పన్ను ఎగవేతకు, రహస్యంగా కంపెనీలను చేజిక్కించుకోవడానికి కూడా ఉపయోగపడింది. అందువల్ల 1970ల నుంచి చట్టం దిశ మారింది.

1974లో కంపెనీల చట్టానికి 187-సి సెక్షను చేర్చారు. రిజిస్టరులో పేరున్నవారు ఒకరు, వాటా ఫలాన్ని అనుభవించేవారు మరొకరు అయితే ఇద్దరూ ఆ సంగతిని కంపెనీకి ప్రకటించాలి. 2013 చట్టంలో ఇది 89వ సెక్షనుగా ఉంది. ప్రకటించకపోతే అసలు హక్కుదారు ఆ వాటాపై తన హక్కును చట్టం ద్వారా అమలు చేయించుకోలేడు.

అంతకంటే పెద్ద మార్పు 1988 బేనామీ లావాదేవీల నిషేధ చట్టం తెచ్చింది. ఒకరి సొమ్ముతో మరొకరి పేరున ఆస్తి కొనడాన్ని నిషేధించింది. 'పేరు అతనిదైనా సొమ్ము నాది, కనుక ఆస్తి నాకిప్పించండి' అని దావా వేసే హక్కును తొలగించింది. ట్రస్టుల చట్టంలోని 82వ సెక్షనును రద్దు చేసింది. 1854 నుంచి నిలిచిన సూత్రం ఈ విధంగా తలకిందులైంది. అయితే భార్య పేరున, పెళ్ళికాని కుమార్తె పేరున కొన్న ఆస్తికి మినహాయింపు ఇచ్చింది. అంతేకాదు, వేరే రుజువు లేనంతవరకు అది వారి ప్రయోజనం కోసమే కొన్నట్లు భావించాలని చెప్పింది. 1928లో ప్రివీ కౌన్సిల్ నిరాకరించిన భావనను అరవై ఏళ్ళ తరువాత భారత పార్లమెంటు కొంతమేరకు ఆమోదించిందన్నమాట.

2016లో ఈ చట్టాన్ని సమగ్రంగా సవరించారు. ఆస్తి స్వాధీనానికి, జైలు శిక్షకు కఠినమైన నిబంధనలు వచ్చాయి. ఉమ్మడి కుటుంబ ఆస్తిని కర్త లేదా మరొక సభ్యుడు కుటుంబం కోసం పట్టుకొని ఉండటం, తెలిసిన ఆదాయంతో భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున కొనడం మినహాయింపులుగా ఉన్నాయి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, తల్లిదండ్రులు వంటివారి విషయంలో ఒక షరతు ఉంది. సొమ్ము తెలిసిన ఆదాయం నుంచి రావాలి, పత్రంలో ఇద్దరి పేర్లూ ఉమ్మడి యజమానులుగా ఉండాలి. మిత్రుల ప్రస్తావన ఈ జాబితాలో లేదు.

దీని అర్థం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ముగ్గురు మిత్రులు తలా 10,000 రూపాయలు వేసుకొని, 'నీకు ఖాతా ఉంది కదా' అని ఒకరి పేరున వాటాలు కొన్నారనుకోండి. పదేళ్ళకు విలువ ఎన్నో రెట్లు పెరిగింది. పేరున్న మిత్రుడు మరణించాడు. అతని భార్యాపిల్లలకు ఈ ఒప్పందం తెలియదు. కంపెనీ దృష్టిలో ఆ వాటాలు అతనివే. మిగిలిన ఇద్దరు 1988కి ముందు అయితే సొమ్ము చెల్లించిన రుజువుతో హక్కు అడగగలిగేవారు. ఇప్పుడు అదే వాదన వారిని బేనామీ చట్టం ముందు నిలబెట్టే ప్రమాదం ఉంది. ముగ్గురి పేర్లూ మొదటే రాయించి, ఎవరి బ్యాంకు ఖాతా నుంచి ఎంత వెళ్ళిందో ఆధారం ఉంచుకొని, వంతుల గురించి రాతపూర్వకమైన ఒప్పందం చేసుకొని ఉంటే పరిస్థితి వేరుగా ఉండేది. చీటీల వ్యాపారంలో మాటమీద నమ్మకం ఎంత ఉన్నా పుస్తకం రాసుకోవడం మన ఊళ్ళలో అందరికీ అలవాటే. వాటాల విషయంలో ఆ పుస్తకం ఇంకా అవసరం.

9.7 కాగితం నుంచి డీమాట్‌కు

కాగితపు పత్రాల కాలంలో ఉమ్మడి వాటా అమ్మాలంటే బదిలీ పత్రంమీద అందరూ సంతకం చేయాలి. అవి కంపెనీ వద్ద ఉన్న నమూనా సంతకాలతో సరిపోవాలి. ఒకరి సంతకం వయసుతో మారినా పత్రాలు తిరిగి వచ్చేవి. ఈ ఇబ్బందులను, దొంగ పత్రాల బెడదను తొలగించడానికి 1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. అదే సంవత్సరం నవంబరులో మొదటి డిపాజిటరీ పని ప్రారంభించింది. రెండవది 1999లో వచ్చింది. వాటాలు కాగితం నుంచి ఎలక్ట్రానిక్ పద్దులుగా మారాయి. దీనినే డీమాట్ అంటున్నాం.

డీమాట్ ఖాతాను గరిష్ఠంగా ముగ్గురి పేర్లతో తెరవవచ్చు. ఖాతాలోని పేర్లు, వాటా పత్రంలోని పేర్లు సరిపోవాలి. పేర్లు అవే అయి వరుస మాత్రం వేరైతే, వరుస మార్పు దరఖాస్తు ఇచ్చి ఒకే ఖాతాలో చేర్చుకోవచ్చు. పైన చెప్పిన రెండు మూడు వరుసల చిక్కుకు ఇది పరిష్కారం. కొనుగోలు, అమ్మకాలు జరిపే ట్రేడింగ్ ఖాతా మాత్రం సాధారణంగా మొదటి పేరుగలవారి ఒక్కరి పేరునే ఉంటుంది. అంటే మొదటి పేరుకు ఉన్న ప్రాధాన్యం డీమాట్‌లోనూ తగ్గలేదు.

కొత్త విధానంలోనూ పేర్ల దుర్వినియోగం జరిగింది. 2003–05 మధ్య వచ్చిన కొత్త వాటాల జారీలలో చిన్న మదుపరుల కోటాను కాజేయడానికి కొందరు వేల సంఖ్యలో కల్పిత పేర్లతో డీమాట్ ఖాతాలు తెరిచారని 2006లో సెబీ బయటపెట్టింది. అప్పటి నుంచి ఖాతాదారులకు పాన్ తప్పనిసరి చేశారు. 2019 ఏప్రిల్ 1 నుంచి లిస్టయిన కంపెనీల కాగితపు వాటాల బదిలీని సెబీ నిలిపివేసింది. మరోవైపు, ఏడు సంవత్సరాలు వరుసగా లాభాంశం తీసుకోని వాటాలు మదుపరుల విద్య, రక్షణ నిధికి బదిలీ అవుతున్నాయి. దరఖాస్తు చేసుకొని వాటిని తిరిగి పొందవచ్చు. కాని అప్పుడు హక్కును నిరూపించుకునే భారం వారసులదే.

పాత పత్రం ఇంట్లో దొరికినప్పుడు కంపెనీ చరిత్ర కూడా తెలియాలి. ఆంధ్రా బ్యాంకునే తీసుకోండి. 1980లో దానిని జాతీయం చేయడంతో అంతకుముందరి ప్రైవేటు వాటాలు ముగిసిపోయాయి. 2001లో బ్యాంకు మళ్ళీ ప్రజలకు వాటాలు జారీ చేసింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనప్పుడు ప్రతి 1,000 ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు వచ్చాయి. కనుక తాతగారి పేరున ఉన్న 1960 నాటి పత్రానికి, తల్లిదండ్రుల ఉమ్మడి పేర్లతో ఉన్న 2001 నాటి పత్రానికి విలువ ఒకటి కాదు.

9.8 కుమార్తె, నామినీ, వారసులు

మితాక్షర కుటుంబంలో కుమార్తెకు కూడా కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1986లో చేసిన ఈ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్ళయిన కుమార్తెలకు ఇది వర్తించలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించి దేశమంతటా కుమార్తెలను సహదాయాదులుగా చేసింది. తండ్రి ఆ సవరణ నాటికి జీవించి ఉండనవసరం లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఉమ్మడి కుటుంబ సొమ్ముతో కొని కర్త పేరుతోనో అన్నదమ్ముల పేర్లతోనో ఉంచిన వాటాలలో, రిజిస్టరులో పేరు లేని కుమార్తెకూ హక్కు ఉండవచ్చు. ఇక్కడ పాత కుటుంబ సూత్రం కొత్త రూపంలో తిరిగి వచ్చింది.

1999లో కంపెనీల చట్టానికి 109-ఎ సెక్షను చేర్చి వాటాలకు నామినేషన్ సదుపాయం కల్పించారు. 2013 చట్టంలో ఇది 72వ సెక్షను. ఉమ్మడి వాటాదారులు అందరూ కలిసి నామినీని నియమించాలి. వారందరూ మరణించిన తరువాతనే నామినీ పాత్ర మొదలవుతుంది. నామినీకి వాటాలు 'సంక్రమిస్తాయి' అని సెక్షనులో ఉండటంతో, వారసులను కాదని నామినీయే యజమాని అవుతాడా అనే వివాదం వచ్చింది. 2023 డిసెంబరు 14న శక్తి యజ్దానీ కేసులో సుప్రీంకోర్టు దీనిని పరిష్కరించింది. నామినేషన్ అనేది కంపెనీ ఎవరితో వ్యవహరించాలో చెప్పే ఏర్పాటు మాత్రమే, అది వారసత్వ చట్టాన్నిగాని వీలునామానుగాని అధిగమించదని తీర్పు చెప్పింది.

ఈ తీర్పును 9.2.2లోని ఆరవ నియమంతో కలిపి చదవండి. 1928లో బ్యాంకు డిపాజిట్ గురించి ప్రివీ కౌన్సిల్ చెప్పిన మాట, 2023లో వాటాల గురించి సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకే దారిలో ఉన్నాయి. సొమ్ము ఎవరి చేతికి అందుతుందన్నది ఒక ప్రశ్న. అది ఎవరి సొంతమన్నది మరొక ప్రశ్న.

9.9 సారాంశం

ఉమ్మడి కుటుంబంలో హక్కు పుట్టుక నుంచి, కంపెనీలో హక్కు రిజిస్టరు నుంచి వచ్చాయి. 19వ శతాబ్దంలో కంపెనీలు వచ్చినప్పటి నుంచి ఈ రెండు సూత్రాలు పక్కపక్కనే నడిచాయి. ప్రివీ కౌన్సిల్ సొమ్ము పెట్టినవారి పక్షం వహించింది. 1974, 1988, 2016 చట్టాలు దాచిన హక్కును ప్రకటించమని, లేదంటే వదులుకోమని చెప్పాయి. డీమాట్ విధానం బదిలీని సులభం చేసింది. కాని పేర్ల వరుస వంటి పాత నియమాలను మార్చలేదు. కుమార్తెల సమాన హక్కు, నామినేషన్‌పై వచ్చిన తీర్పు పేరుకూ హక్కుకూ గల తేడాను మరోసారి స్పష్టం చేశాయి. కుటుంబంలోగాని స్నేహంలోగాని కలిసి కొన్న వాటా ఎవరిదన్న ప్రశ్నకు కొన్న రోజున రాసిపెట్టిన సమాధానమే అన్నిటికంటే బలమైనదని ఈ చరిత్ర తెలుపుతుంది.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఉమ్మడి కుటుంబ ఆస్తి భావనకు, కంపెనీ చట్టంలోని ఉమ్మడి వాటాదారుల భావనకు గల పోలికలను, భేదాలను చర్చించండి.
2. 1854 నుంచి 1988 వరకు 'పేరు ఒకరిది, సొమ్ము మరొకరిది' అనే సమస్యపై చట్టం వైఖరి ఎలా మారిందో వివరించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సుమారు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కొత్త వాటాల జారీలో మొదటి పేరుకు ఎందుకు ప్రాధాన్యం ఏర్పడింది?
2. నామినీకి, వారసునికి గల తేడాను 2023 తీర్పు ఆధారంగా రాయండి.
3. ఆంధ్రప్రదేశ్ 1986 సవరణ ప్రాముఖ్యాన్ని తెలపండి.

ఇ. ప్రాజెక్టు పని
మీ ఇంట్లోగాని మీకు తెలిసినవారి ఇంట్లోగాని ఉమ్మడి పేర్లతో ఉన్న ఒక వాటా పత్రాన్ని లేదా డీమాట్ నివేదికను వారి అనుమతితో పరిశీలించండి. పేర్ల వరుస, కొన్న సంవత్సరం, సొమ్ము ఇచ్చినవారు, నామినీ వివరాలను ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. ఈ యూనిట్‌లోని ఏ కాలపు నియమాలు ఆ వాటాకు వర్తిస్తాయో ఒక పేజీలో రాయండి.